గీత ఊడ్చిన సాక్షి

"పట్టుకోండి వాణ్ణి! కంబళ్ళ వర్తకుడు కాడు, సాక్షిసేనవాడు!"

ఉల్కానగరం కోట ద్వారం దగ్గర కావలి నాయకుడు వేసిన కేకకు బురుజు మీది పావురాలు సైతం లేచిపోయాయి. రేచన వెనక్కి తిరిగి చూడలేదు. నెత్తి మీది కంబళ్ళ మూట అక్కడే పారేసి, వెంట వచ్చిన మైలమను రమ్మని సైగ చేసి, సంతలో నిలబెట్టిన గాడిదల మధ్యగా దూరి పరుగు లంకించుకున్నాడు.

వేషం కుదరక కాదు. గడ్డానికి మేక వెంట్రుకలు, చెవులకు పోగులు, బుగ్గన వక్క. కన్నతల్లి ఎదురైనా కంబళి బేరమాడేదే తప్ప కొడుకని పోల్చుకునేది కాదు. కానీ అలవాటన్నది వేషం కంటే ఎప్పుడూ ఒక ఆకు ఎక్కువే చదివి ఉంటుంది. ద్వారం ముందు దుమ్ములో ఎవరివో అడుగుజాడలు పడి ఉంటే, రేచన వాటిని తొక్కకుండా మునివేళ్ళ మీద పక్కకు తప్పుకుని చుట్టూ తిరిగి వచ్చాడు. ఎదుటివాడి అడుగుజాడ మీద కాలు వేస్తే పాపం అనుకునేవాళ్ళు ఈ భూప్రపంచంలో సాక్షిసేనవాళ్ళు తప్ప మరొకరు లేరు. కావలి నాయకుడు ఆ సంగతి ఎరిగినవాడు.

సంత దాటారు. గానుగశాలలో దూరి ఎద్దు కడుపు కిందనుంచి అవతలికి పాకారు. పెరటి గోడ దూకితే ఎదురుగా కందకం, అందులో నోళ్ళు తెరుచుకుని ఎండ కాచుకుంటున్న మొసళ్ళు. కందకం మీదుగా తోటలకు నీళ్ళు పారించే మానుదోణి ఒకటి, మనిషి పాదమంత వెడల్పున, నాచు పట్టి జారుతూ ఉంది. వెనక పదిమంది భటులు, కింద పాతిక మొసళ్ళు. రేచన దోణి మీద కాలు పెట్టి, తూలుతూ అవతలి గట్టు చేరాడు. మైలమ సగం దూరం వచ్చి ఆగింది. గొర్రెల కాపరి కదా, నడుముకు చుట్టుకున్న వడిసెల విప్పి, రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలింది. ఆమె వెనకే దోణి ఎక్కిన మొదటి భటుడి శిరస్త్రాణం ఖంగుమంది. వాడు తూలి వెనకవాణ్ణి పట్టుకున్నాడు, వెనకవాడు ఇంకొకణ్ణి పట్టుకున్నాడు. ముగ్గురి బరువుకి ముసలి మానుదోణి ఫెళ్ళున విరిగింది. మైలమ విరిగిన కొస పట్టుకుని వేలాడింది. రేచన బోర్లా పడుకుని ఆమె మణికట్టు అందుకుని పైకి లాగాడు. కింద మొసళ్ళకు ఆ పూట పండగే.

ఇద్దరూ తుప్పల్లో పడి రొప్పుతున్నారు.

"మీరు లేకపోతే నా గతేంది సాక్షయ్యా!" అంది మైలమ. "ఊళ్ళో ఒక్కరు నా మాట నమ్మలా. మీరొక్కరే వెతకడానికి బయల్దేరారు. మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను."

రేచన మేక వెంట్రుకల గడ్డం పీకి పారేసి, ముఖం అటు తిప్పుకున్నాడు. మొసళ్ళ మధ్య పడి ఉన్నా ఇంత కంటే సుఖంగా ఉండేది అనిపించింది అతనికి.

ఎందుకో చెప్పకపోతే ముందు కథ నడవదు.

ఉల్కానగరానికీ మేఘవతికీ మూడు తరాల పగ. ఏటా పంటలు తగలబడేవి, మందలు మాయమయ్యేవి, శవాలు లేచేవి. చివరికి చుట్టుపక్కల ఐదు రాజ్యాలు విసిగిపోయి, తలా రెండువందల మందిని ఇచ్చి సాక్షిసేనను నిలబెట్టాయి. తెల్ల తలపాగా వాళ్ళ గుర్తు. వాళ్ళ చేతిలో కత్తి ఉండదు, ముళ్ళకంప ఉంటుంది. సరిహద్దు పొడవునా పన్నెండు మూరల వెడల్పున మెత్తని ఇసుక పరిచారు. దాన్ని గీత అంటారు. తెల్లవారగానే ఎవరి వంతు గీతను వాళ్ళు చదవాలి. ఎవరు దాటారు, ఎటు దాటారు, బరువుతో వెళ్ళారా వట్టి చేతులతోనా, అన్నీ చూసి చెప్పాలి. చదివిన తరవాత కంపతో ఊడ్చి మళ్ళీ నున్నగా చెయ్యాలి. ఐదు రాజ్యాల మనుషులు గనక సంకటి తినేవాడికి రొట్టె, రొట్టె తినేవాడికి అన్నం దొరికి, సరిహద్దులో ఆగిన యుద్ధాలన్నీ వాళ్ళ వంటశాలలో జరిగేవి. అయినా ఇసుక మీద చెయ్యి పెట్టి సాక్షి ఒక మాట చెబితే రెండు రాజ్యాల రాజులూ నోరెత్తేవారు కాదు.

ఐదు రాజ్యాల్లో ఒకటైన తామరసీమ నుంచి వచ్చిన రేచన మూడేళ్ళుగా మేఘవతి వైపున గవ్వలగుట్ట అనే గొర్రెల కాపరుల ఊరి ముందు గీత చదువుతున్నాడు. ఐదు రాత్రుల కిందట ఉల్కానగరం దళవాయి తనకు కొడుకు పుట్టాడని సాక్షిసేనకు విందు ఇచ్చాడు. రేచన పూర్ణాలు పన్నెండు తిన్నాడు, ఇప్పసారా ఎంత తాగాడో అతనికే తెలియదు. లేచేసరికి బారెడు పొద్దెక్కింది. దూరాన సాక్షిసేన అధ్యక్షుడి గుర్రం దుమ్ము కనిపిస్తోంది. ఊడవని గీత ఆయన కంట పడితే అందరి ముందూ తలపాగా తీసేస్తారు. మూడేళ్ళలో నా వంతులో చీమ కూడా దాటలేదు కదా అనుకుని, చదవకుండానే కంప పట్టుకుని ఊడ్చేశాడు. ఊడ్చి చెమట తుడుచుకున్నాడో లేదో, మైలమ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది. దొంగలు పడి మందల దగ్గర ఉన్న పదకొండుమందిని ఎత్తుకుపోయారు, అందులో తన మొగుడు బేతడు కూడా ఉన్నాడు, గీత దాటించడం చెట్టు మీదనుంచి కళ్ళారా చూశాను అని.

"జాడలున్నాయా?" అని అడిగాడు సేనాధ్యక్షుడు.

రేచన ఇసుక మీద చెయ్యి పెట్టి, "లేవు" అన్నాడు.

రెండక్షరాలు. నాలుక తిరగబడటానికి ఎంత సేపు పట్టిందో అంతే సేపు. ఆ రెండక్షరాలతో పదకొండుమందీ గీత ఇవతలే ఎటో పోయి ఉంటారని ఊరు నమ్మింది, మైలమ అబద్ధాలకోరు అయింది. దొంగ సాక్ష్యం చెప్పినదాని పొయ్యికి నిప్పు ఇవ్వకూడదని ఊరంతా కట్టుబాటు చేసింది. నాలుగో రోజున ఆమె రేచన దగ్గరకే వచ్చి, "మీకు జాడలు తెలుసు, ఇంకే దారిన పోయారో వెతికి పెట్టండి సాక్షయ్యా" అని కాళ్ళు పట్టుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. "పద, వెతుకుదాం" అన్న మాట బయటికి వచ్చింది.

దారిలో మజ్జిగ అమ్మే ముసలమ్మ ఒకతె అసలు సంగతి చెప్పింది. ఉల్కానగరం రాజు ధూమాక్షుడనే మాంత్రికుణ్ణి కొలువులో పెట్టుకున్నాడు. వాడు మనుషుల్ని సరిహద్దు రాళ్ళుగా మారుస్తాడు. ఏ నేలలో పుట్టిన మనిషితో రాయి చేస్తే ఆ నేలలో ఆ రాయి వేళ్ళు తన్నుకుంటుంది, ఏనుగులు లాగినా ఊడదు. ఆ రాళ్ళు మేఘవతి పొలాల్లో నాటి, తాతల నాటి హద్దు ఇదేనని నేల కలుపుకోవాలని రాజు ఎత్తు. రోజుకు ఒక మనిషి, రోజుకు ఒక రాయి. మిట్ట మధ్యాహ్నం మాంత్రికుడు కోట వెనకనున్న పిశాచగిరి మీది మడుగులో మునిగి మూడు గడియలు జపం చేస్తాడు. పైకి తేలగానే ఆ పూట మనిషిని రాయి చేస్తాడు.

రోజుకు ఒకరు. నాలుగు రోజులు. రేచనకు ఆ లెక్క నోటికి రాలేదు గానీ గుండెలో పడింది.

ఇప్పుడు సూర్యుడు నడినెత్తికి వచ్చాడు.

తుప్పలు దాటగానే పిశాచగిరి కనిపించింది. గుండ్రాళ్ళన్నీ కపాలాల్లా పేర్చినట్టుండి, కొండంతా ఒక్క పచ్చని ఆకు లేక, కాటుక పొడి చల్లినట్టు నల్లగా, ఎండలో కూడా చలి పుట్టిస్తూ నిలబడి ఉంది ఆ గిరి. దాని నడుమున నీలమణులు కరిగించి పోసినట్టున్న మడుగు, మడుగు మీద కలువల బదులు పొగపూలు, ఆ పూల చుట్టూ ఝుంకారం చెయ్యని తుమ్మెదలు. మడుగు నడుమ బుడగలు లేస్తున్నాయి, ఒకటి తరవాత ఒకటి, తీరికగా. ధూమాక్షుడు అడుగున ఉన్నాడన్నమాట. మడుగు గట్టున గుహ, గుహకు రాతి తలుపు, తలుపు మీద ఏడడుగుల ముఖం. దాని పెదవులు మాత్రం మెత్తగా, తడిగా ఉన్నాయి.

"రండి, రండి," అంది ముఖం, ఆవలిస్తూ. "నా పేరు గుటకభూతం. తాళం లేదు, గడియ లేదు. నాకు ఆకలి. మనిషి ఎవరికీ చెప్పుకోని సిగ్గు ఒకటి చెబితే మింగుతాను. ఎంత సిగ్గు అయితే అంత తలుపు. మా దొరకు చెప్పుకోవడానికి సిగ్గే లేదు గనక వాడికి వేరే దారి ఉంది."

మైలమ ముందుకు వచ్చింది. "నేను చెబుతా." తలుపు మీద చెయ్యి వేసింది. "గీత మీద అడుగుల్లేవని సాక్షయ్య చెప్పాక... నా మొగుణ్ణే అనుమానించా. ఎవత్తెతోనో లేచిపోయాడేమో, నేను చెట్టు మీద నిద్రమత్తులో కల కన్నానేమో అనుకున్నా. వాడి కంబళి తీసి పెంట మీద పారేసొచ్చా."

భూతం గుటుక్కున మింగింది. తలుపు జానెడు తెరుచుకుంది. "మంచి రుచి," అంది. "కానీ ఇందులో కారం వేరేవాళ్ళది. నీదేం లేదు తల్లీ. ఇద్దరు దూరాలంటే చాలదు. నువ్వు చెప్పవయ్యా."

మైలమ మాట రేచన చెవుల్లో సీసం పోసింది. ఆ పెంట మీద కంబళి పారేసింది ఆమె చేతులు కావు, తన నాలుక.

"చిన్నప్పుడు గుళ్ళో నైవేద్యం దొంగతనంగా తిన్నాను," అన్నాడు.

"చప్పగా ఉంది," అంది భూతం. తలుపు కదల్లేదు.

"ఎలుగుబంటి వస్తే తమ్ముణ్ణి వదిలేసి చెట్టెక్కాను."

"ఉప్పు తగిలింది." తలుపు వేలెడు కదిలింది. "ఇట్లా కొసరుతూ కూర్చుంటే మా దొర వచ్చేస్తాడు నాయనా. అదిగో బుడగలు చూడు."

మడుగులో బుడగలు పలచబడుతున్నాయి.

"చెప్పండి సాక్షయ్యా, ఏదైనా చెప్పండి," అంది మైలమ. "నా దగ్గర మీకు సిగ్గేంది? నేను ఎవరికీ చెప్పను."

ఆమె ముఖం చూసి చెప్పడం అతని వల్ల కాలేదు. రాతి ముఖాన్నే చూస్తూ చెప్పాడు. "ఆ రోజు నేను గీత చదవలేదు. తాగి నిద్రపోయాను. సేనాధ్యక్షుడు వస్తున్నాడని ముందే ఊడ్చేశాను. ఊడ్చిన గీత మీద చెయ్యి పెట్టి జాడలు లేవని ప్రమాణం చేశాను."

తలుపు కిర్రుమంటూ సగం తెరుచుకుంది. భూతం కళ్ళు మూసుకుని నమిలింది. నమిలి, నమిలి, ఆగింది.

"ఇంకా ఉంది," అంది. "అడుగున గింజ ఉంది. కక్కు."

"అంతే."

"నాకు అబద్ధం అరగదు నాయనా."

ఈ నాలుగు రోజులూ రేచన తనకు తాను కూడా అక్కడివరకే చెప్పుకున్నాడు. చదవలేదు, చూడలేదు, తెలియదు. ఎవరైనా చెయ్యగల పొరపాటు. దాని అవతలికి మనసును పోనివ్వలేదు. ఇప్పుడు పక్కన మైలమ ఊపిరి కూడా వినిపించడం లేదు.

"చూశాను," అన్నాడు. "ఊడుస్తూనే చూశాను. మొదటి కంప దెబ్బకే లోతైన జాడలు కనిపించాయి. పదిమంది పైనే. చెయ్యి ఆపొచ్చు. ఆపితే నా తలపాగా పోతుంది. ఆపలేదు. తల పక్కకు తిప్పుకుని ఊడ్చాను."

తలుపు బార్లా తెరుచుకుంది. గుటకభూతం తృప్తిగా తేన్చింది. "పదేళ్ళ తరవాత కడుపు నిండింది," అని నిద్రలోకి జారింది.

మైలమ అతణ్ణి చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. ఆమె ఏదో ఒకటి చేసి ఉంటే బాగుండేదని రేచనకు ఆ క్షణంలో అనిపించింది.

"నాలుగు రోజులు," అంది. "నాలుగు రోజులు నా మొగుణ్ణి తిట్టుకున్నా. నువ్వు నా పక్కనే నడుస్తున్నావు." అప్పటిదాకా 'మీరు' అన్న నోరు అది. "మజ్జిగమ్మ రోజుకొకరని చెప్పినప్పుడు కూడా నా పక్కనే నిలబడ్డావు."

"మైలమా, నన్ను..."

"నడువు. నీతో మాట్లాడే తీరిక లేదు."

లోపల పొడవాటి మండపం. గోడలకు పొదిగిన పాముల కళ్ళలోంచి ఆకుపచ్చని వెలుగు, నేల మీద అభ్రకపు పలకలు, కప్పు నుంచి వేలాడే వెండి గొలుసులు. ఆ గొలుసులకు మనుషులు. ఏడుగురు. ఇంకో మూల నాలుగు రాళ్ళు మోకాలెత్తున, సున్నం పూసి, వరసగా.

"ఎవర్రా అది? మైలమా?" అని ముసలి గొంతు ఒకటి లేచింది. గొర్రెకాపరుల పెద్ద మారప్పది. ఆయన కళ్ళు చికిలించి చూసి, ఒక్కసారిగా గొలుసులు ఘల్లుమనేలా లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, చూడండ్రా! మన రేచనయ్య! నేను చెప్పలా? సాక్షి వస్తాడని చెప్పలా? అనవసరంగా ఏడ్చార్రా మీరంతా!"

ఏడుగురూ ఒక్కసారిగా దండం పెట్టారు. చేతులు కట్టి ఉన్నవాళ్ళు తల వంచారు. రేచన వాళ్ళ దండాలు చూడలేక, మూలనున్న రాళ్ళు చెక్కే సుత్తి తీసుకుని మోకాళ్ళ మీద కూలబడి గొలుసులు బద్దలు కొట్టడం మొదలుపెట్టాడు. దెబ్బ మీద దెబ్బ. చేతులు బొబ్బలెక్కుతున్నా ఆపలేదు. మాట్లాడకుండా ఉండటానికి అదొక్కటే దారి.

మైలమ ఏడు ముఖాలూ చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది.

"మామా, బేతడేడీ?"

మారప్ప చూపు మూలనున్న నాలుగో రాయి మీదకు పోయింది. "నిన్న మధ్యాన్నం తల్లీ," అన్నాడు. "ఇంకొక్క రోజు ఆగుంటే..."

మైలమ వెళ్ళి ఆ రాయి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. "వెచ్చగా ఉంది," అంది. "మామా, వెచ్చగానే ఉంది."

"ప్రాణం లోపలే ఉంటదంట తల్లీ, ఆ మాంత్రికుడే చెప్పాడు. నాటేదాకా ఉంటదంట." మారప్ప తెగిన గొలుసు విదిలించుకుని రేచన వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళున్నా ముఖంలో వెలుగు తగ్గలేదు. "బేతడు మాత్రం చివరిదాకా నవ్వుతానే ఉన్నాడు రేచనయ్యా, మీ మీద నమ్మకంతో. దొంగలు గీత దాటించేటప్పుడు మా అందరికీ వాడే చెప్పాడు, మడమ దిగబడేలా తొక్కండిరా అని. వాడైతే ఏనుగు తొక్కినట్టు తొక్కాడు. 'మామా, పొద్దున్నే రేచనయ్య ఇది చదువుతాడు, సందకాడికల్లా మనం ఇంట్లో ఉంటాం' అన్నాడు. రోజూ అదే మాట. మీకు కనిపించాయి కదయ్యా, మా అడుగులు? బాగా లోతుగా వేశాం."

ఏడో గొలుసు తెంపిన సుత్తి రేచన చేతిలోనే ఆగిపోయింది. సిగ్గు అంటే ముఖం ఎర్రబడటం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది ఎముకలోకి దిగుతుందని ఇప్పుడు తెలిసింది. భూమి బద్దలై మింగితే బాగుండుననుకున్నాడు. అంత అదృష్టం అతనికి రాసిపెట్టి లేదు.

"కనిపించాయి," అన్నాడు. "మారప్పా, అందరూ వినండి. నేను ఆ రోజు..."

"ఆగు." మైలమ రాయి మీదనుంచి చెయ్యి తియ్యకుండానే అంది. "చెబుతావు. వీళ్ళకు చెబుతావు, ఊరికి చెబుతావు, ఇద్దరు రాజుల ముందు ఇసుక మీద చెయ్యి పెట్టి మరీ చెబుతావు. నేను చెప్పిస్తా. ఇప్పుడు కాదు. విను."

బయట మడుగులో బుడగల చప్పుడు ఆగిపోయింది. తరవాత, నీళ్ళలోంచి బరువైనదేదో గట్టెక్కిన చప్పుడు. గుహ వెనక గోడలో, ఎవరూ చూడని చోట, రాళ్ళు రెండుగా విడిపోతున్నాయి. సందులోంచి పొగ, పొగ వెనక తడి జటలు, జటల వెనక రెండు నిప్పు కళ్ళు. ధూమాక్షుడు నవ్వుతున్నాడు.

"లెక్క పెరిగిందే!" అన్నాడు. "ఏడు ఉండాల్సింది, తొమ్మిది ఉన్నాయి."

మైలమ వడిసెల విప్పింది. బేతడి రాయికి తన వీపు ఆనించి నిలబడింది. రేచన వైపు చూడకుండానే అంది: "ముందు నిలబడు. సిగ్గుపడటానికి తరవాత తీరిక చేసుకో."

రేచన తెగిన గొలుసు పిడికిలికి చుట్టుకుని మాంత్రికుడికి ఎదురుగా నడిచాడు.

వెనకనుంచి మారప్ప గొంతు వినిపించింది. "భయపడకండ్రా. రేచనయ్య ఉన్నాడు." ఏడుగురూ లేచి వచ్చి అతని వెనక నిలబడ్డారు.